క్యాటలాగు తాళంచెవి

ఒక చిన్న ఊళ్లో, ఒక చిన్న గ్రంథాలయంలో పాతికేళ్లకు పైగా పుస్తకాల మధ్య గడిపినదాన్ని. అక్కడ నేర్చుకున్న ఒక సంగతి మీకు చెబుదామని వచ్చాను. అది పుస్తకాల సంగతి కాదు, పుస్తకాల జాబితా సంగతి. జాబితాలో చెప్పుకోవడానికి ఏముంటుందని అనుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

మా గ్రంథాలయానికి శుక్రవారం సెలవు. ఒక శనివారం పొద్దున ఎనిమిదింటికి తలుపులు తీసి, పేపర్లు బల్లల మీద సర్ది, కంప్యూటర్ ఆన్ చేశాను. రోజూ వచ్చే తెర రాలేదు. లైసెన్సు గడువు ముగిసిందనీ, అమ్మినవాళ్లను సంప్రదించమనీ ఒక్క వాక్యం కనపడింది. సీడీ పెట్టె మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఆ నంబరే లేదంది. పదేళ్ల కిందట ఆ సాఫ్ట్‌వేర్ మాకు అమ్మిన సంస్థ ఎప్పుడు మూతపడిందో కూడా మాకు తెలియదు.

అంతలో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన వచ్చారు. “అమ్మా, మాలపల్లి రెండో భాగం ఉందా? మొదటి భాగం మా మనవరాలు పూర్తిచేసింది. రెండోది తెచ్చిందాకా అన్నం తిననంటోంది” అన్నారు.

ఉందో లేదో చెప్పలేకపోయాను. మా గ్రంథాలయంలో సుమారు 7,000 పుస్తకాలున్నాయి. చాలావరకు బీరువాల్లోనే ఉన్నాయి. కానీ ఏ పుస్తకం ఉంది, ఎక్కడుంది, ఎవరింటికి వెళ్లింది అన్న వివరమంతా ఆ కంప్యూటర్ పెట్టెలో చిక్కుకుపోయింది. ధాన్యం మనదే, గాదె మనదే, తాళంచెవి మాత్రం ఊరొదిలిపోయిన మనిషి జేబులో ఉంది. మాస్టారు బీరువాల ముందు కాసేపు తిరిగి, ఉత్త చేతులతో వెళ్లిపోయారు. ఆయన మెట్లు దిగుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

క్యాటలాగు అంటే ఏమిటో ఆ రోజే నాకు నిజంగా అర్థమైంది. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు ప్రకటించారు. నాలుగో సూత్రం, పాఠకుడి సమయం వృథా కానివ్వకండి అని. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సూత్రమే అది. క్యాటలాగు లేని గ్రంథాలయంలో పాఠకుడి సమయం ఎలా కరిగిపోతుందో మాత్రం మాస్టారి నడకలో చూశాను.

కంప్యూటర్ రాకముందు మాకు కార్డుల క్యాటలాగు ఉండేది. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చిన్న చిన్న సొరుగులున్న చెక్క బీరువా. ఒక్కో సొరుగులో అయిదంగుళాల పొడవు, మూడంగుళాల ఎత్తు ఉన్న కార్డులు. కింద చిల్లు, ఆ చిల్లులోంచి ఒక ఇనప కడ్డీ. ఒక్కో పుస్తకానికి రచయిత పేరుతో ఒక కార్డు, పుస్తకం పేరుతో ఒకటి, విషయాన్నిబట్టి మరొకటి. నాకు ముందు పనిచేసిన లైబ్రేరియన్ గారు ఆ కార్డులు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. కంప్యూటర్ వచ్చాక గ్రంథాలయం కమిటీవాళ్లు ఆ బీరువాను అటకెక్కించారు. పారేద్దామన్నవాళ్లూ ఉన్నారు. ఎందుకో మనసొప్పక వద్దన్నాను. ఆ మాట అన్నందుకు తర్వాత ఎంతో సంతోషించాను.

ఆ వారంలోనే కమిటీ సమావేశమైంది. ఇంకో సాఫ్ట్‌వేర్ కొందామని కొందరు, మళ్లీ కార్డులకే వెళదామని కొందరు. మా వీధి కుర్రాడొకడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు, సెలవుకి ఊరొచ్చాడు. చిన్నప్పుడు చందమామ కోసం మా తలుపులు తీయకముందే మెట్ల మీద కూర్చునేవాడు. వాడన్నాడు: “పిన్నీ, మళ్లీ కొంటే మళ్లీ ఇదే జరగదని ఏమిటి? కోహా అని ఒకటుంది. దాన్నెవరూ మూసెయ్యలేరు. చూస్తావా?”

ఎవరూ మూసెయ్యలేరన్న ఆ మాట పట్టుకుని కోహా కథ తెలుసుకున్నాను. మీకూ చెప్పాలి. ఎందుకంటే అది మాలాంటి చిన్న గ్రంథాలయం కథే.

న్యూజిలాండ్‌లో, రాజధాని వెల్లింగ్టన్‌కు ఉత్తరాన లెవిన్ అనే పట్నం ఉంది. అదీ, చుట్టుపక్కల ఊళ్లూ కలిసి హోరోఫెనువా జిల్లా. 1990ల చివర జనాభా సుమారు 30,000. అంటే మన దగ్గర ఒక మండలమంత. ఆ జిల్లా గ్రంథాలయాలను నడిపే ట్రస్టుకు 1999లో ఒక గండం వచ్చిపడింది. వాళ్లు పన్నెండేళ్లుగా వాడుతున్న కంప్యూటర్ వ్యవస్థ 2000 సంవత్సరాన్ని గుర్తించలేదు. ఆ రోజుల్లో వైటూకే అని లోకమంతా గగ్గోలు పెట్టింది గుర్తుందా? సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న కంప్యూటర్లకు 99 తర్వాత వచ్చే సున్నా సున్నా 1900గా కనిపించే ప్రమాదం. పుస్తకం తిరిగివ్వాల్సిన తేదీని నమ్ముకుని బతికే గ్రంథాలయానికి అది చిన్న విషయం కాదు.

బజారులో దొరికే వ్యవస్థలు వాళ్లకు అందుబాటులో లేవు. పెద్ద నగరాల గ్రంథాలయాల కోసం చేసినవి, ఖరీదూ ఆ లెక్కలోనే ఉంది. అప్పుడు వెల్లింగ్టన్‌లోని కాటిపో కమ్యూనికేషన్స్ అనే చిన్న సంస్థ ఒక దారి చూపించింది. ఇంటర్నెట్ బ్రౌజర్‌లో నడిచే వ్యవస్థను కొత్తగా రాసిస్తామంది. ప్రోగ్రామర్లలో ముఖ్యుడు క్రిస్ కార్మక్. గ్రంథాలయాల అధికారిగా రోజలీ బ్లేక్ ఉన్నారు. నాలుగు నెలల్లోపే పని ముగించి, 2000 జనవరి 3న లెవిన్‌లో కొత్త వ్యవస్థతో పుస్తకాలు ఇవ్వడం మొదలుపెట్టారు.

అక్కడితో ఆగి ఉంటే అది ఒక ఊరి కథగానే మిగిలేది. కానీ వాళ్లు ఇంకో ఆలోచన చేశారు. రేపు ఈ సంస్థ మూతపడితే మన గతేమిటి? డబ్బు పోసి చేయించుకున్న ప్రోగ్రామును బాగుచెయ్యడానికి ఇంకొకరికి హక్కు లేకపోతే మళ్లీ మొదటికే వస్తాం కదా? అందుకని దాని మూలాన్ని, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠాన్ని, గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు కింద లోకానికంతా తెరిచిపెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపలేముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. మార్చినదాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మాత్రం అదే స్వేచ్ఛను వాళ్లకూ ఇవ్వాలి. ఓపెన్ సోర్స్ అంటున్నది ఇలాంటి ఏర్పాటునే.

పేరు కూడా ఆలోచించే పెట్టారు. కోహా అన్నది న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీల మాట. అర్థం కానుక. అయితే ఇచ్చి మరిచిపోయే కానుక కాదు. వాళ్ల మరాయ్‌కి, అంటే ఊరంతా కలిసే చోటికి, అతిథులుగా వెళ్లినవాళ్లు కోహా సమర్పిస్తారు. రేపు ఆతిథ్యమిచ్చినవాళ్లు ఆ అతిథుల దగ్గరికి వెళితే వాళ్లూ ఇస్తారు. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఉంటుంది చూడండి. ఎవరేం చదివించారో రాసుకుని, వాళ్లింట్లో శుభకార్యమైనప్పుడు మరిచిపోకుండా చదివిస్తాం. ఆ భావమే కోహా.

ఆ చదివింపు ఎలా తిరిగొచ్చిందో వినండి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని నెల్సన్‌విల్ గ్రంథాలయం కోహా వాడుకోవాలనుకుంది. మార్క్ అనే పద్ధతిలో ఉన్న వివరాలను తీసుకోవడం అప్పటి కోహాకు పూర్తిగా తెలియదు. ఆ ఏర్పాటు చేయించడానికి నెల్సన్‌విల్‌వాళ్లు డబ్బు పెట్టారు. ఫ్రాన్స్‌లో ఉండే ప్రోగ్రామర్ పాల్ పూలాఁ ఆ పని తలకెత్తుకున్నాడు. న్యూజిలాండ్‌లో పుట్టింది, అమెరికా డబ్బుతో, ఫ్రెంచి చేతుల్లో ఎదిగింది. ఫలితం లెవిన్‌కూ దక్కింది, తర్వాత మా ఊరికీ దక్కింది. ఇప్పుడు ఏటా రెండుసార్లు, మేలోనూ నవంబరులోనూ, కోహా కొత్త కూర్పు వస్తుంది. ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ దాన్ని వాడుతోంది. 2011లో కోహా వాడేవాళ్ల అంతర్జాతీయ సమావేశం ముంబై పక్కన థానేలో జరిగింది.

ఈ దారిలో మనవాళ్లూ నడిచారని చెప్పకపోతే తప్పవుతుంది. హైదరాబాదులో వెరస్ సొల్యూషన్స్, కేశవన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి న్యూజెన్‌లిబ్ అనే గ్రంథాలయ వ్యవస్థను తయారుచేసి 2005లో విడుదల చేశాయి. మొదట అది అమ్మకానికే ఉండేది. 2008 జనవరిలో దాన్ని కూడా జనరల్ పబ్లిక్ లైసెన్సు కింద తెరిచేశారు. మేము రెండూ చూశాం. మాకు సాయం చేసే కుర్రాడికి కోహా బాగా తెలుసు కాబట్టి అటు మొగ్గాం. మీకు సాయపడే మనిషికి ఏది తెలుసో అదే మీకు మంచిది.

ఓపెన్ సోర్స్ అంటే ఊరికే వచ్చేదని చాలామంది అనుకుంటారు. మా కమిటీలోనూ అదే మాట వినిపించింది. నాకైతే అది ఊరుమ్మడి చెరువులా కనపడింది. నీళ్లకు ఎవరూ వెల కట్టరు. కానీ పూడిక తియ్యాలి, గట్టు తెగితే అర్ధరాత్రయినా వెళ్లి కట్టాలి, తూము చూసుకోవాలి. ఆ శ్రమ ఊరిది. కోహాకు ధర లేదు. కంప్యూటర్‌కు ఉంది, కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్‌కు ఉంది, బార్‌కోడ్ చదివే పరికరానికి ఉంది. వీటన్నిటికన్నా పెద్ద ఖర్చు మనిషి సమయం.

ఇక పని సంగతికి వస్తాను. ఇలాంటి పని తలపెట్టే గ్రంథాలయాలకు పనికొస్తుందని కాస్త వివరంగా చెబుతాను.

మొట్టమొదట పాత పెట్టెలోంచి జాబితాను బయటికి లాగాలి. ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రింటు తీసే దారి ఉందిగానీ, వివరాలను ఫైలుగా బయటికిచ్చే దారి పెట్టలేదు. కుర్రాడు రెండు రాత్రులు కూర్చుని హార్డ్ డిస్కులో అసలు ఫైలు ఎక్కడుందో వెతికి పట్టుకున్నాడు. తెరిచి చూస్తే నా గుండె జారింది. తెలుగు ఒక్క అక్షరం లేదు. ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, గీతలు, ఆశ్చర్యార్థకాలు కలగాపులగంగా ఉన్నాయి. పాత రోజుల్లో తెలుగు ఫాంట్లు ఎవరి పద్ధతిలో వాళ్లు చేశారు. ఒకరి ఫాంటులో క ఉన్న చోట ఇంకొకరికి ఇంకేదో. ఫాంటు ఉంటేనే అది తెలుగు, లేకపోతే పిచ్చిగీతలు. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ లోకమంతటికీ ఒకే సంఖ్య. ఆ పిచ్చిగీతల్ని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాము వాడు రాశాడు. చాలావరకు సరిగ్గానే వచ్చింది. ఒత్తులూ, వలపలగిలకలూ మాత్రం చోటు తప్పాయి. స్వర్గం స్వగర్ం అయింది. అలాంటివన్నీ కంటితో చదివి దిద్దాల్సిందే.

రెండో పని, వివరాలను మార్క్ పద్ధతిలోకి సర్దడం. ఇందాక ఆ పేరు చెప్పాను. 1960ల్లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ అనే ప్రోగ్రామర్ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. కార్డు మీద ఉండే ప్రతి వివరానికీ ఒక అంకె ఉన్న గడి. 100వ గడిలో రచయిత, 245లో పుస్తకం పేరు, 260లో ప్రచురణ వివరాలు, 650లో విషయం, 500లో ఇతర సంగతులు. పుస్తకం ఏ బీరువాలో ఉంది, గ్రంథాలయంలో చేరినప్పుడు రిజిస్టరులో వేసిన యాక్సెషన్ నంబరెంత అన్నవి కోహాలో 952వ గడిలో ఉంటాయి. వినడానికి చాదస్తంగా ఉంటుందిగానీ దీని బలం దీనికుంది. మార్క్‌లో ఉన్న జాబితాను లోకంలో ఏ మంచి గ్రంథాలయ వ్యవస్థ అయినా చదవగలదు. రేపు కోహా నచ్చకపోతే జాబితా చంకన పెట్టుకుని ఇంకో చోటికి వెళ్లిపోవచ్చు.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం 1962 నుంచి మన భాషల పుస్తకాలు సేకరించి వాషింగ్టన్ పంపుతోంది. తెలుగు పుస్తకాలూ అందులో ఉన్నాయి. వాటి వివరాలను కోహాలోంచే వెతికి తెచ్చుకోవచ్చు. మా బీరువాలో అట్ట ఊడిన నవల వివరం వాషింగ్టన్‌లో భద్రంగా ఉండడం చూసి ఒళ్లు పులకరించింది. అయితే మాకు దొరికినవాటిలో పేర్లు రోమన్ లిపిలో, కిందా పైనా చుక్కలతో గీతలతో ఉన్నాయి. మా పాఠకుడు తెలుగులో వెతుకుతాడు. కాబట్టి తెలుగు లిపిలో మళ్లీ మేమే రాసుకున్నాం.

అన్నిటికన్నా ఎక్కువ కాలం తీసుకున్నది స్పెల్లింగులు. వేంకట అని ఒకచోట, వెంకట అని ఇంకోచోట. మొక్కపాటి వారి పుస్తకం పేరు ఒక కార్డు మీద బారిస్టర్ పార్వతీశం, ఒక ప్రతి మీద బారిష్టర్, ఇంకో రిజిస్టరులో బారిష్టరు. మనిషికి మూడూ ఒకటే, యంత్రానికి మూడు వేరు. ఏది తప్పని కొట్టేస్తాం? ఒక కట్టుబాటు చేసుకున్నాం. పుస్తకం ముఖపత్రం మీద ఎలా ఉందో అలాగే 245వ గడిలో రాయాలి. జనం నోట వినపడే మిగతా రూపాలన్నీ 246వ గడిలో చేర్చాలి. అప్పుడు ఎవరెలా టైపు చేసినా పుస్తకం దొరుకుతుంది.

కంటికి కనపడని తంటా ఇంకొకటి ఉంది. తెలుగులో కొన్ని మాటలు టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాతి అక్షరంతో కలిసిపోకుండా మధ్యలో ఒక అదృశ్యాక్షరం పెడతాం. తెర మీద అది కనపడదు, లోపల మాత్రం ఉంటుంది. ఒకరు దాన్ని పెట్టి టైపు చేసి, ఇంకొకరు పెట్టకుండా వెతికితే దొరకకపోవచ్చు. కళ్లెదుట ఉన్న పుస్తకం లేదని చెబుతుంటే మొదట్లో మాకేమీ అర్థం కాలేదు. కారణం తెలిశాక ఒకే పద్ధతికి కట్టుబడ్డాం.

రచయితల పేర్లది మరో కథ. పాఠకులు శ్రీశ్రీ అని అడుగుతారు, శ్రీరంగం శ్రీనివాసరావు అని ఎవరూ అడగరు. చలం అంటారు, గుడిపాటి వెంకటచలం అనరు. పాత కార్డుల్లో దీనికి చక్కని ఉపాయం ఉండేది. శ్రీరంగం శ్రీనివాసరావు పేరుతో ఒక కార్డు, దాని మీద ‘శ్రీశ్రీ చూడుము’ అని ఒకే మాట. కోహాలో ఆ పని అథారిటీ రికార్డు చేస్తుంది. ఒక రచయితకు ఒకే రికార్డు, అందులో ఆయన పేర్లన్నీ. తెలుగులో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత అన్నది కూడా మేం గట్టిగా పట్టుకున్నాం. పాశ్చాత్యుల పద్ధతిలో చివరి మాటే ఇంటిపేరనుకుంటే రావులూ, శాస్త్రులూ, రెడ్లూ ఒక్కచోట గుంపుగా చేరతారు, ఎవరు ఎవరో తేలదు.

ఇలా సర్దుతుండగా అటక మీది కార్డులు గుర్తొచ్చాయి. దింపి చూశాం. కార్డుల వెనక నా ముందు లైబ్రేరియన్ గారు పెన్సిలుతో చిన్న చిన్న సంగతులు రాసి పెట్టారు. ఈ ప్రతిలో కొన్ని పేజీలు లేవని, ఈ పుస్తకం ఫలానావారు తమ తల్లిగారి జ్ఞాపకార్థం ఇచ్చారని, ఇందులో రచయిత సంతకం ఉందని. పాత సాఫ్ట్‌వేర్‌లో వీటికి చోటు లేదు. అందుకని కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడే అవన్నీ రాలిపోయాయి. ఇంతకాలం ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. మార్క్‌లో వాటికి చోటుంది. ఒక్కో కార్డూ తిప్పి చూసి, అన్నీ మళ్లీ ఎక్కించాం. ఆ పనికి మాకు రెండు నెలలు పట్టింది, దానిలో ఒక్క రోజును కూడా నేను దండగ అనుకోను. మా ఊరి గ్రంథాలయం సగం దానాలతో పుట్టింది. ఇచ్చినవారి పేరు తుడిచేసిన జాబితా అబద్ధం కాకపోవచ్చు, కృతజ్ఞత లేనిది మాత్రం అవుతుంది.

తర్వాత స్టాకు తనిఖీ. కంప్యూటర్‌లో ఉన్నది బీరువాలో ఉండాలి కదా. సంక్రాంతి సెలవుల్లో ఇంటర్ చదివే పిల్లలు ఎనిమిది మంది వచ్చారు. ఒకరు యాక్సెషన్ రిజిస్టరు చదువుతుంటే ఇంకొకరు పుస్తకం తీసి చూపడం, మూడోవారు బార్‌కోడ్ చీటీ అతికించడం. బార్‌కోడ్‌కు కొత్త అంకెలు పెట్టలేదు, పాత యాక్సెషన్ నంబరే పెట్టాం. రేపు మళ్లీ యంత్రం మొరాయించినా రిజిస్టరు పక్కన పెట్టుకుని పని నడుపుకోవచ్చని. కొన్ని పుస్తకాలు లేవని తేలింది. లెక్కలో లేని పుస్తకాలు కొన్ని దొరికాయి. బైండింగు కోసం కట్టి మూల పడేసిన కట్టలో మాలపల్లి రెండో భాగం దొరికింది! సాయంత్రం ఆ పుస్తకం పట్టుకుని మాస్టారింటికి నేనే వెళ్లాను. అప్పటికి నాలుగు నెలలైంది. మనవరాలు పాపం ఈలోగా అన్నం తింటూనే ఉందనుకోండి, పుస్తకం చూసి మాత్రం గుమ్మంలోనే అందుకుంది.

జాబితాను కోహాలోకి ఎక్కించే రోజున ఒక పొరపాటు తృటిలో తప్పింది. ముందుగా ఒక 50 పుస్తకాలు మాత్రమే ఎక్కించి చూద్దామన్నాడు కుర్రాడు. చూస్తే పేర్లన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి. ఫైలు దాచేటప్పుడు యూటీఎఫ్-8 అన్న పద్ధతి ఎంచుకోవడం మరిచాం. కోహాలో ఎక్కించిన మూటను వెనక్కి తీసుకునే వీలుంది, తీసుకున్నాం, దిద్దుకున్నాం. ఒకేసారి 7,000 ఎక్కించి ఉంటే ఎంత కంగారు పడేవాళ్లమో. కొత్త బాణలిలో మొదటి వాయి చిన్నదే వెయ్యాలని మా అమ్మ అనేది. ఈ పనికీ అదే సూత్రం.

ఎక్కించాక కోహా మమ్మల్ని ప్రశ్నలడిగింది. ఎవరికి ఎన్ని పుస్తకాలు? ఎన్ని రోజులు? ఆలస్యమైతే రోజుకెంత? ఇన్నేళ్లూ ఇవన్నీ నా మనసులో ఉండేవి. మంచాన పడ్డవారికి గడువు లేదు, వేసవిలో పిల్లలకు రెట్టింపు పుస్తకాలు. యంత్రానికి మనసు తెలియదు, రాసి చెప్పాలి. కమిటీ కూర్చుని ఒక్కో నియమం రాసింది. పిల్లల దగ్గర జరిమానా మేమెన్నడూ వసూలు చెయ్యలేదని అప్పుడే అందరం గమనించాం. ఆ గడిలో సున్నా రాశాం. నా తర్వాత వచ్చేవారికి కూడా ఇప్పుడది నియమం.

ఇంకొక ముఖ్యమైన గడి ఉంది. పాఠకుడు ఏయే పుస్తకాలు చదివాడన్న చరిత్రను దాచాలా, తిరిగిచ్చాక చెరిపెయ్యాలా? ఆ నిర్ణయం పాఠకుడికే వదిలే ఏర్పాటు కోహాలో ఉంది. మేం అదే పెట్టాం. ఎవరేం చదివారన్నది వాళ్ల సొంత సంగతి, గ్రంథాలయం దాన్ని పట్టి ఉంచకూడదు.

రెండు వారాలు రిజిస్టరూ, కోహా రెండూ నడిపాం. పని రెట్టింపైంది, కానీ ధైర్యం వచ్చింది. ప్రతి రాత్రీ కంప్యూటర్ తనంతట తాను మొత్తం వివరాలకు నకలు తీస్తుంది. వారానికొకసారి ఆ నకలు పెన్‌డ్రైవ్‌లో కార్యదర్శి గారింటి ఇనప్పెట్టెలోకి వెళుతుంది. ఏడాదికొకసారి ఇంకో పని చేస్తాం. జాబితా మొత్తాన్ని మార్క్ ఫైలుగా బయటికి తీసి, వేరే కంప్యూటర్‌లో తెరిచి, లెక్క సరిపోయిందో లేదో చూస్తాం. తాళంచెవి మన చేతిలో ఉందనుకోవడం వేరు, తాళం తీసి చూసుకోవడం వేరు.

అందరూ కోహాకే రావాలని నేననను. మూడు వందల పుస్తకాలున్న బడి గ్రంథాలయానికి శుభ్రంగా రాసుకున్న స్ప్రెడ్‌షీటు చాలు. కంప్యూటర్ చూసుకునే మనిషి ఊళ్లో ఒక్కరూ లేకపోతే, ఆ మనిషిని తయారు చేసుకున్నాకే ఈ పనికి దిగండి. మా కుర్రాడు తనకు తెలిసిందంతా మా ఊరి ఇద్దరమ్మాయిలకు నేర్పి వెళ్లాడు. వాళ్లు లేకపోతే మేం మళ్లీ ఒకే మనిషి మీద ఆధారపడేవాళ్లం. చెరువు అందరిదైనా తూము తిప్పడం ఒక్కడికే తెలిస్తే అది అందరిదీ కానట్టే. మీరు ఏ వ్యవస్థ ఎంచుకున్నా, డబ్బిచ్చి కొన్నా సరే, సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి. మా జాబితా మొత్తాన్ని, మాకు కావాల్సినప్పుడు, మార్క్ ఫైలుగా బయటికి తీసుకోగలమా? జవాబు కాగితం మీద రాయించుకోండి. ప్రభుత్వ గ్రంథాలయాలు నడిచేది మనం కట్టే ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సుతో. మాలాంటివి నడిచేది చందాలతో. ఎలా చూసినా ఆ జాబితా ప్రజల సొత్తు.

ప్రజల సొత్తును ప్రజల దగ్గరికి చేర్చడం మనకు కొత్త కాదు. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. కాలువ గట్టు ఊళ్లకు పుస్తకాలే నడిచివెళ్లాయి. ఇప్పుడు మా క్యాటలాగు ఇంటర్నెట్‌లో ఉంది. పక్క ఊరి రైతుబిడ్డ ఫోనులో చూసుకుని, పుస్తకం ఉందని తెలిశాకే సైకిలెక్కుతోంది. పడవంత గొప్ప పని చేశామని అనను. ఆ కాలువలోనే మేమూ ఒక చిన్న తెప్ప వేశాం.

చివరిగా ఒక్క మాట. కోహా అంటే తిరిగి ఇవ్వాల్సిన కానుక అని చెప్పాను కదా. మాకంత అందింది, మేమేమిచ్చాం అని కమిటీలో ఎవరో అడిగారు. ప్రోగ్రాము రాయడం మాకు రాదు. కానీ కోహా తెర మీది మాటల్ని వేర్వేరు భాషల్లోకి మార్చే పని స్వచ్ఛందంగా జరుగుతుంటుంది. తెలుగు మాకు వచ్చు. సాయంత్రాలు ఆ ఇద్దరమ్మాయిలూ, మాస్టారూ, నేనూ కూర్చున్నాం. ఒక పుస్తకం ఎవరింట్లోనో ఉంటే, అది రాగానే తనకివ్వమని ఇంకో పాఠకుడు చెప్పి ఉంచుతాడు. ఇంగ్లిషులో దానికి హోల్డ్ అని ఒక ముక్క. తెలుగులో ఏమనాలి? నిలుపుదల అన్నాను నేను. రిజర్వు అనే ఉంచుదామంది ఒకమ్మాయి. మాస్టారు కాసేపు ఆలోచించి, “మన దగ్గరికొచ్చి జనం ఏమంటారమ్మా? ‘నాకోసం ఉంచండి’ అంటారు. అదే రాయండి” అన్నారు.

అలాంటి మాటలు కొన్ని పంపించాం. లెవిన్‌వాళ్లు ఇచ్చినదాని ముందు అవి ఏపాటివి? అయినా రేపు ఏ తెలుగు ఊళ్లోనో, ఒక పిల్ల తనకు కావాల్సిన పుస్తకం పేరు పక్కన ‘నాకోసం ఉంచండి’ అన్న మాట చూసి నొక్కితే, చదివింపుల పుస్తకంలో మా ఊరి పేరు కూడా ఎక్కినట్టే.